తెరపైని జంతుశాస్త్రము: ఒక పరిశీలన

జంతుశాస్త్రమును చదువుకొను విద్యార్థికి గ్రంథములు దొరకుటలేదని పూర్వము ఉపాధ్యాయులు విచారించెడివారు. ఈనాడు ఆ విచారము తలక్రిందులైనది. లోకమునందలి మహాగ్రంథాలయములు కొన్ని జేబులోని సెల్ ఫోనులో ఇమిడియున్నవి. కాని వానిలో తనకు కావలసిన పుట ఏ మూలనున్నదో తెలిసికొనుటయే విద్యార్థికి కష్టముగానున్నది.

ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలునికి, మీ ఊరి చెరువులోని కప్పను గూర్చి వ్రాసికొని రమ్మని ఉపాధ్యాయుడు చెప్పెననుకొందము. బాలుడు తెలుగులో "కప్ప" అని వెదకినచో పిల్లల కథలు, సామెతలు, శకునములు ఎదురగును. ఆంగ్లములో "ఫ్రాగ్" అని వెదకినచో అమెరికా, ఐరోపా ఖండముల కప్పలు వరుస కట్టును. తొలకరి వానలకు పసుపుపచ్చగా మారి, దవడల క్రింద నీలి సంచులు పొంగించి అరచు గోదురుకప్పను ఆ బాలుడు గట్టుపైనుండి చూచినాడు. అది ఈ రెండు వరుసలలోను సులభముగా కనబడదు. దానిని గూర్చి శాస్త్రజ్ఞులు వ్రాయలేదని కాదు, ఎంతో వ్రాసిరి. అయితే ఆ వ్రాతలకు తలుపు తీయు తాళపుచెవి దాని శాస్త్రీయ నామము. ఆ నామము బాలునికి తెలియదు.

ఉపాధ్యాయునికి తెలిసియుండవచ్చును. అయినను చిక్కు తీరలేదు. తరతరములుగా మన పాఠ్యపుస్తకములలో ఈ కప్ప "రానా టైగ్రినా" అను పేర వర్ధిల్లినది. దాని నేటి పేరు "హోప్లోబట్రాకస్ టైగెరినస్". పాత పేరుతో వెదకిన విద్యార్థికి పాత పుస్తకముల ప్రతిధ్వనులు, పరీక్షలకు వల్లించు ప్రశ్నోత్తరములు లభించును. ఇటీవలి పరిశోధనలో ఎక్కువ భాగము క్రొత్త పేరు వెనుకనే దాగియుండును. వానపామునకును ఇదే గతి. "ఫెరెటిమా పోస్తుమా" అని కంఠస్థము చేసినవారు "మెటాఫైర్ పోస్తుమా" అను పేరును పోల్చుకొనలేరు.

ఈ చిక్కును విడదీయుటకు ఉన్నవానిలో శ్రేష్ఠమైనది న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వారి "ఆంఫిబియన్ స్పీషీస్ ఆఫ్ ది వరల్డ్". 1985లో గ్రంథరూపమున వెలువడి, పిమ్మట డారెల్ ఫ్రాస్ట్ సంపాదకత్వమున అంతర్జాలమునకు ఎక్కిన ఈ సూచికలో 8,000కు మించిన ఉభయచర జాతులు కలవు. పాత పేరును వ్రాసినను క్రొత్త పేరునకు దారి చూపును. 1802లో దోదాఁ ఇచ్చిన మొదటి పేరు మొదలుకొని నేటి వరకు ఆ కప్ప ఏయే ప్రజాతులలో కాపురముండి వచ్చినదో వంశవృక్షము వలె చెప్పును. కాని ఇది పెద్దల సరకు. సంక్షిప్త పదములు, గ్రంథముల పేర్లు దట్టముగా నిండిన ఆ పుట విద్యార్థిని భయపెట్టును. ఉపాధ్యాయుడు అక్కడ పేరును మాత్రము నిర్ణయించుకొని, ఆ పేరుతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారి "ఆంఫిబియా వెబ్"కు విద్యార్థిని పంపుట మేలు. సరీసృపములకు "రెప్టైల్ డేటాబేస్" ఇట్టి సేవయే చేయుచున్నది. ఉపాధ్యాయ శిక్షణ తరగతులలో ఈ సూచికల ప్రసక్తి మొట్టమొదట రావలెను.

విద్యార్థులు నేరుగా చదువదగినదిగా పేరుపొందినది మిచిగన్ విశ్వవిద్యాలయము వారి "యానిమల్ డైవర్సిటీ వెబ్". ఫిలిప్ మయర్స్ అను ఆచార్యుడు 1995లో దీనిని ఆరంభించెను. ఇందలి జాతుల వర్ణనలను చాలవరకు కళాశాల విద్యార్థులే వ్రాసిరి. అధ్యాపకులు, సంపాదకులు దిద్దిరి. ప్రతి వ్యాసమునకు ఒకే చట్రము: నివాసము, శరీర నిర్మాణము, ప్రత్యుత్పత్తి, ఆయుర్దాయము, ప్రవర్తన, ఆహారము, శత్రువులు, మానవునితో సంబంధము. ఒక జంతువును గూర్చి ఏమేమి ప్రశ్నలు అడుగవలెనో ఈ చట్రము నేర్పును. అందుచేత వ్యాసములకంటె వాని వెనుకనున్న పద్ధతియే మనకు అధిక ప్రయోజనకారి. వ్యాసములలో సమత లేదు. స్తన్యజంతువులకు, ఉత్తర అమెరికా జీవులకు పెద్దపీట వేయబడినది. కీటకముల సంఖ్యతో పోల్చిచూచిన వానిని గూర్చిన పుటలు సముద్రములో కాకిరెట్ట. వర్ణన ఎవరు వ్రాసిరో, ఏ సంవత్సరమున వ్రాసిరో అక్కడనే చెప్పియున్నారు. పాఠకుడు మొదట చూడవలసినది ఆ పంక్తిని. పదేండ్ల క్రిందటి విద్యార్థి వ్యాసమును వేదవాక్యముగా ఉదహరించు ప్రాజెక్టు పుస్తకములు ఉపాధ్యాయుల బల్లలపైకి వచ్చుచునే యున్నవి.

ఇక నిజముగా నిధి అనదగినది "బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ". 2006లో కొన్ని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలు, ఉద్యానవనముల గ్రంథాలయములు చేయిచేయి కలిపి ఆరంభించిన ఈ కార్యము వలన ఆరుకోట్లకు మించిన పుటలు నేడు ఉచితముగా చదువుటకు వీలైనది. 1888 నుండి వెలువడిన "ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా" సంపుటములు పూర్వము ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయములోనో బీరువాలలో తాళము వేసియుండెడివి. బ్లాన్‌ఫర్డ్ వ్రాసిన స్తన్యజంతువుల సంపుటమును, ఫ్రాన్సిస్ డే వ్రాసిన మత్స్యముల సంపుటములను, బౌలెంజర్ వ్రాసిన సరీసృపముల సంపుటమును ఈనాడు పల్లెటూరి ఉపాధ్యాయుడు కూడ విప్పి చూడవచ్చును.

తెలుగువారికి ఇందు మరియొక విశేషము కలదు. ఎడింబరోలో పుట్టి, సిరియాలోని అలెప్పో నగరమున వైద్యుడుగా పనిచేసిన పాట్రిక్ రసెల్ 1780ల ఆరంభమున తమ్మునితో కలిసి విశాఖపట్టణము చేరెను. పిమ్మట ఈస్టిండియా కంపెనీవారికి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడై, కోరమాండలు తీరమునందలి పాములను సేకరించి, వాని కాటు ఫలితములను కోళ్లపైన, కుక్కలపైన పరీక్షించి, 1796లో ఒక మహాగ్రంథమును ప్రకటించెను. 1803లో విశాఖపట్టణపు చేపలు రెండువందలను బొమ్మలతో వర్ణించు రెండు సంపుటములు వెలువడినవి. రసెల్ ఈ జీవులకు లాటిను పేర్లు పెట్టుటకు పూనుకొనక, అక్కడి జనులు పలికిన పేర్లనే రోమను అక్షరములలో వ్రాసికొనెను. రక్తపింజరకు ఆయన వ్రాసికొన్న పేరు "కాటుక రేకుల పొడ". ఒంటిమీది నల్లని మచ్చల వరుసలను చూచి ఆ పేరు పెట్టినవాడెవడోగాని కన్నున్నవాడు. ఆ పామునకు నేడు లోకమంతట రసెల్ పేరే స్థిరపడినది. కాటుక రేకులు మాత్రము ఆ పుటలో మిగిలినవి.

కొన్ని తెలుగు మాటలు అంతకంటె దూరము ప్రయాణించినవి. రసెల్ "బంగారం పామ" అను ధ్వనితో వ్రాసిన పేరు నుండి కట్లపాముల ప్రజాతికి "బంగారస్" అను శాస్త్రీయ నామము ఏర్పడినది. ఆయన చేపల గ్రంథములోని "కనగుర్త" అను పేరును గ్రహించి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూవ్యే 1816లో ఒక చేపకు పెట్టెను. ఆ చేపయే "రాస్ట్రెల్లిజర్ కనగుర్త". ఎర్రసముద్రము మొదలు పసిఫిక్ దీవుల వరకు ఈ చేపను పరిశీలించు ప్రతి శాస్త్రజ్ఞుడును, తెలిసియో తెలియకయో, విశాఖ బెస్తవాని మాటను ఉచ్చరించుచున్నాడు. ఇట్టి సంగతి తరగతిలో చెప్పినచో శాస్త్రీయ నామములన్న విద్యార్థులకుగల జంకు కొంత తీరును.

నిధి అయినంత మాత్రమున లోపములు లేకపోలేదు. ఈ గ్రంథాలయమున పుటలను ఛాయాచిత్రములుగా తీసి, అక్షరములను యంత్రముచేత గుర్తింపజేసిరి. పద్దెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల ముద్రణలలో "ఎస్" అక్షరమును పలుచోట్ల "ఎఫ్"ను పోలిన నిడుపాటి రూపమున అచ్చొత్తెడివారు. యంత్రము దానిని "ఎఫ్" అనియే చదువును. ఇక రోమను లిపిలో తోచినట్లు వ్రాసిన తెలుగు పేర్ల సంగతి చెప్పనక్కరలేదు. అందుచేత మాట ఇచ్చి వెదకుటకంటె, గ్రంథమును తెరచి పుటలు త్రిప్పుటయే ఇక్కడ మంచి మార్గము. పాత గ్రంథములలోని పేర్లను, వ్యాప్తిని నేటివిగా భావింపరాదు. వానిని ఆనాటి కళ్లతో చూచిన సాక్ష్యములుగా చదువవలెను. బ్లాన్‌ఫర్డ్ ఒక మృగము ఫలానా చోట కలదని వ్రాసెనన్నచో, నూటముప్పది ఏండ్ల క్రిందట అది అక్కడ ఉండెనని అర్థము. నేడు లేనిచో, ఎందుకు లేదన్న ప్రశ్న అక్కడనుండియే మొదలగును.

చేపలకు "ఫిష్ బేస్" అను భాండాగారము కలదు. డేనియల్ పౌలీ, రైనర్ ఫ్రోసె ఆరంభించిన ఈ కార్యము 1996 నుండి అంతర్జాలమున నడచుచున్నది. 35 వేలకు మించిన జాతుల వివరములు ఇందున్నవి. విశేషమైన గుణమొకటి దీనికి కలదు. ప్రతి జాతికిని నానా భాషలలో గల జనసామాన్య నామములను కూర్చిరి. తెలుగు పేర్లును ఉన్నవి. అయితే అవి చాలవరకు రోమను లిపిలోనే. హ్రస్వ దీర్ఘములు కలిసిపోవును, ట తలకు, ల ళలకు భేదము మాయమగును.  రసెల్ రోమను లిపిలో వ్రాయుట క్షమింపదగినది. రెండువందల ఏండ్ల పిమ్మట కూడ అదే స్థితి నిలిచియుండుటకు క్షమాపణ ఏమున్నది? ఈ లోపము కంప్యూటరుది కాదు. తెలుగు లిపిలో పేరును, శాస్త్రీయ నామమును ప్రక్కప్రక్కన పెట్టి, ఏ జిల్లాలో ఆ పేరు వాడుకలోనున్నదో చెప్పు సూచికను తయారుచేసి అందింపవలసినవారు తెలుగు దేశమునందలి జంతుశాస్త్రజ్ఞులే. బొచ్చెను, కొర్రమీనును, వాలుగను సంతలో గుర్తుపట్టు బాలుడు తెరపై వానిని గుర్తుపట్టలేకపోవుట విద్యకు శోభనీయము కాదు.

జంతువులు ఎక్కడెక్కడ కనబడినవో పటముపై చుక్కలుగా చూపు స్థావరములు మరియొక తెగ. 2001లో ఏర్పడిన "జీబిఫ్" అను అంతర్జాతీయ సంస్థ ప్రదర్శనశాలల నమూనాలను, పౌరుల పరిశీలనలను ఒకచోట చేర్చుచున్నది. దాని నమోదులు 300 కోట్లకు మించినవి. 2002లో కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రము, ఆడుబాన్ సంఘము ఆరంభించిన "ఈ-బర్డ్", 2008లో మొదలైన "ఐ-నాచురలిస్ట్" ఈ చుక్కలను అధికముగా సమకూర్చుచున్నవి. విద్యార్థిని ఇంటినుండి తోటలోనికి నడిపించు గుణము వీనికి కలదు. అది సామాన్యమైన గుణము కాదు. కాని చుక్కను చదువుటకు వివేకము కావలెను.

కలివికోడి కథ దీనికి చక్కని ఉదాహరణము. జెర్డన్ సంపాదించిన నమూనా నుండి 1848లో వర్ణింపబడిన ఈ పక్షి, 1900లో అనంతపురము ప్రాంతమున కనబడినట్లు వ్రాయబడిన తరువాత, 86 ఏండ్లపాటు శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అది నశించినదనియే పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు కడప జిల్లాలో దానిని మరల కనుగొనిరి. చూపినవారు అక్కడి పక్షుల వేటగాండ్రు. రాత్రివేళ పొదల నడుమ తిరుగు ఆ పక్షి వారికి క్రొత్తది కాదు. దానికి పేరు కూడ వారి నోట ఉండనే యున్నది. ఇప్పుడు ఒక విద్యార్థి పటమును తెరచి 1900కు, 1986కు నడుమ ఒక్క చుక్కయు లేకుండుట చూచి, ఆ కాలమున ఆ పక్షి లేదని వ్రాసినచో ఎంత పొరపాటు! చుక్క ఉన్నచో ఎవరో చూచిరని అర్థము. చుక్క లేనిచో ఎవరును చూడలేదని మాత్రమే అర్థము. పటములపై చుక్కలు పట్టణముల చుట్టును, మంచి బాటల వెంటను, పర్యాటకులు వెళ్లు అభయారణ్యములలోను గుమిగూడుట ఇందువలననే.

ఐ-నాచురలిస్ట్ నమోదుపై "పరిశోధన స్థాయి" అను ముద్ర చూచి కొందరు ఉపాధ్యాయులు సంతృప్తి పడుచున్నారు. ఆ ముద్రకు అర్థము, గుర్తించినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒకే పేరు చెప్పిరని. వారు పండితులని కాదు. చిన్న కీటకముల విషయమున ఛాయాచిత్రమును చూచి జాతిని నిర్ణయించుట పలుమారులు అసాధ్యము. మరియొక సంగతి: ఆపదలోనున్న జాతుల స్థానమును వేటగాండ్రకు తెలియనీయక, ఆ స్థావరమువారు సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడనో చుక్కను జరిపి చూపుదురు. ఇది మంచి పనియే. కాని ఆ చుక్క చెరువు నడుమ పడినదని, ఆ మృగము నీటిలో నివసించునని వ్రాయువారును ఉందురు.

మన దేశపు ప్రభుత్వ సామగ్రిని గూర్చి ఒక మాట. 1916లో కలకత్తాలో స్థాపింపబడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2024 జూను 30న భారత జంతుజాలపు పూర్తి పట్టికను అంతర్జాలమున ఉంచినది: 121 పట్టికలు, 36 వర్గములు, 1,04,561 జాతులు. ఇంత పని మరి ఏ సంస్థకును సాధ్యమయ్యెడిది కాదు. దాని "ఫానా ఆఫ్ ఆంధ్రప్రదేశ్" సంపుటములు కూడ ఉపాధ్యాయులు చూడదగినవి. అయితే పట్టిక పట్టికయే. బొమ్మ లేదు, వర్ణన లేదు. జనాభా లెక్కల పుస్తకము చదివి ఊరివారిని గుర్తుపట్టలేము గదా! పాఠ్యపుస్తకములలోని చతురస్రపు గుర్తులను సెల్ ఫోనుతో చదివి తెరచు "దీక్ష" పాఠములు 2017 నుండి నడచుచున్నవి. పాఠ్యాంశమును మరల చెప్పుటకు అవి పనికివచ్చును. దానిని దాటి ఒక అడుగు వేయవు.

విచ్ఛేదన చలనచిత్రములు వేరుగా విచారింపదగినవి. విశ్వవిద్యాలయముల జంతుశాస్త్ర తరగతులలో జంతు విచ్ఛేదనమును మానవలెనని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను 2014లో ఆదేశించినది. ఆ నిర్ణయము న్యాయమైనదే. అమ్మకమునకై కప్పలను వేలకొలది పట్టుట ఎవరికిని మేలు చేయలేదు. దాని స్థానమున తెరపై కోత వచ్చినది. బొద్దింకను తెరపై కోసిన విద్యార్థికి లాలాజల గ్రంథులు ఒక రంగున, మాల్పిజియన్ నాళములు మరియొక రంగున, దేనికది విడివిడిగా కనబడును. నిజమైన బొద్దింక పొట్టలో మొదట కనబడునది తెల్లని క్రొవ్వు ముద్ద. దానిని నీటిలో ఓపికగా తొలగించిన గాని ఏమియు తెలియదు. గాలి నిండిన శ్వాసనాళములు వెండి దారముల వలె మెరయుచుండును. ఈ చిక్కదనమును తెర చూపదు. చూపలేదని దానిని నిందించుట తగదు. కాని తెరపై చూచుటతో ప్రయోగము ముగిసినదనుట తప్పు. గాజుసీసాలోని దోమ తోకపురుగు నీటిపైకి వచ్చి గొట్టముతో గాలి పీల్చుటను, కిటికీ అద్దము వెనుకనుండి బల్లి పాదములను చూచుటకు ఏ జీవిని కోయనక్కరలేదు, విద్యుచ్ఛక్తియు అక్కరలేదు.

తెలుగులోని సామగ్రి మాట చెప్పకున్న ఈ పరిశీలన అసంపూర్ణము. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో జంతువులను గూర్చి కొన్ని మంచి వ్యాసములు కలవు. నాలుగు వాక్యములతో నిలిచిపోయినవి అంతకంటె ఎక్కువ. దిద్దువారు కావలెను. యంత్రానువాదముపై ఆధారపడుటలో ఒక ప్రమాదమున్నది. ఆంగ్లమున "బ్యాట్" అన్న గబ్బిలము, ఆటలోని బ్యాటు. "సీల్" అన్న సముద్రజంతువు, ముద్ర. "క్రేన్" అన్న పక్షి, బరువులెత్తు యంత్రము. సందర్భము తప్పిన అనువాదము విద్యార్థిని నవ్వించిన బాధలేదు, నమ్మించినచో ప్రమాదము. 2022 చివరినుండి ప్రజలకు అందిన సంభాషణా యంత్రములు తెలుగులో ధారాళముగా సమాధానము చెప్పును. అవి లేని గ్రంథమును ఉన్నట్లును, లేని పుటను చదివినట్లును చెప్పగలవు. అవి చెప్పిన ప్రతి జాతి నామమును పైన చెప్పిన సూచికలలో సరిచూచిన పిమ్మటనే వ్రాసికొనవలెను.

తెరపైని గ్రంథాలయములు శాశ్వతములు కావన్న సంగతి కూడ ఉపాధ్యాయులు మరువరాదు. జంతువుల ఛాయాచిత్రములకు, చలనచిత్రములకు పేరుపొందిన "ఆర్కైవ్" 2003లో బ్రిటనులో ఆరంభమై, ధనము చాలక 2019 ఫిబ్రవరిలో మూతపడినది. దానిపై ఆధారపడి పాఠములు కూర్చుకొన్న ఉపాధ్యాయులకు ఒకనాటి ఉదయమున ఖాళీ పుట ఎదురైనది. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీకి ఆరంభమునుండి ఆశ్రయమిచ్చిన స్మిత్సోనియన్ సంస్థ తాను ఆ బాధ్యతను విడుచుచున్నట్లు 2025లో ప్రకటించినది. కావలసిన గ్రంథమును దింపుకొని పాఠశాల కంప్యూటరులో భద్రపరచుట, చూచిన పుటకు తేదీ వ్రాసికొనుట నేడే అలవరచుకొనవలెను.

దింపుకొనవలసినవానిలో రసెల్ చేపల గ్రంథము మొదటిదైన బాగుండును. ఆ బొమ్మలను కాగితముపై అచ్చుతీసి, విశాఖ, భీమిలి, కాకినాడ రేవులలోని బెస్తవారికి విద్యార్థులు చూపవచ్చును. ఏ చేపను ఎవరు ఏ పేరున పిలుచుచున్నారో, తెలుగు లిపిలో, చెప్పినవారి ఊరితో సహా వ్రాసికొన్నచో, 1803లో రోమను అక్షరములలో చిక్కుకొన్న పేర్లలో ఎన్ని నేటికిని వాడుకలోనున్నవో తేలును. రెండువందల బొమ్మలు ఒక తరగతికి ఒక సంవత్సరమునకు సరిపడు పని.